హంపి బండల మీద పులిమేక

హంపికి వెళ్లినవాళ్లం అందరం తలెత్తి చూస్తాం. విరూపాక్షుడి గోపురం, విఠలుడి గుడి ముందు రాతి రథం, ఏనుగుల శాల గుమ్మటాలు, అన్నీ తలెత్తి చూడాల్సినవే. ఈసారి వెళ్లినప్పుడు కాసేపు తల దించి, మీరు కూర్చున్న బండను కూడా చూడండి. మండపాల అరుగుల మీద, స్తంభాల మొదట్లో, హేమకూటం కొండ మీది చదునైన రాళ్ల మీద సన్నటి గీతలు కనిపిస్తాయి. ఎవరో ఆకతాయిలు గీకిన పేర్లనుకుని దాటిపోతాం. కానీ అవి ఆటల పటాలు.

కొన కింద అడ్డగీతలున్న త్రిభుజం అయితే పులిమేక. కోస్తా వైపు పులిజూదం అంటారు. ఒకదాని లోపల ఒకటి మూడు చదరాలుంటే దాడి ఆట. అయిదు గళ్ల పొడవు, అయిదు గళ్ల వెడల్పు ఉండి కొన్ని గళ్లలో ఇంటూ గుర్తులుంటే అష్టాచెమ్మా. రెండు వరుసల్లో చిన్న చిన్న గుంతలుంటే వామన గుంటలు. గైడ్లు వీటి దగ్గర పెద్దగా ఆగరు. పిల్లలతో వెళ్లేవాళ్లు మాత్రం ఆగాల్సిన చోటు ఇదేనని నాకనిపించింది.

మేం వెళ్లింది అయిదుగురం. మా అమ్మ, అక్క, అక్క పిల్లలిద్దరు, నేను. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి ఆరు. బావకి సెలవు దొరకలేదు. డిసెంబరు చివరి వారంలో బెంగళూరు నుంచి కార్లో బయల్దేరి, అనంతపురం మీదుగా గుంతకల్లు వెళ్లి, అమ్మను ఎక్కించుకుని, బళ్లారి మీదుగా హోస్పేట చేరాం.

ఈ ప్రయాణం వెనక ఒక సంగతి ఉంది. నాన్న పోయి ఏడాదిన్నర అయింది. అమ్మ గుంతకల్లు ఇంట్లో ఒక్కతే ఉంటోంది. బెంగళూరు వచ్చెయ్యమని అక్క అడుగుతూనే ఉంది. అమ్మ ప్రతిసారీ ఒకటే మాట: "ఆడికొచ్చి నేనేం చేయల్ల? పిల్లోళ్లతో మాట్లాడేకి గూడా రాదు నాకు." అందులో అబద్ధం లేదు. పిల్లలకు తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. అపార్టుమెంటులో దోస్తులతో కన్నడం. ఆదివారం వీడియో కాల్‌లో "హాయ్ అవ్వా, తిన్నావా, బై అవ్వా" అని మూడు ముక్కలయ్యాక ఫోను అక్క చేతికి వచ్చేస్తుంది. అవ్వకు మనవళ్లంటే ప్రాణం, మనవళ్లకు అవ్వంటే ఇష్టం. మాట్లాడుకోవడానికే ఏమీ లేదు. మూడు రోజులు ఒకే చోట ఉంటే ఏమైనా మారుతుందేమోనని అక్క ఆశ.

కోతి తినేసిన మేకలు

మొదటి రోజు పొద్దున విరూపాక్ష దేవాలయం చూశాం. గుడి వెనక వైపు ఒక చీకటి గదిలో గోడకున్న చిన్న కంతలోంచి వెలుగు వచ్చి, ఎదుటి గోడ మీద పెద్ద గోపురం నీడ తలకిందులుగా పడుతుంది. కెమెరా పనిచేసేదీ ఇదే సూత్రం మీద. బాబు దాన్ని రెండు నిమిషాలు చూసి "కూల్" అన్నాడు. తర్వాత ఇద్దరి చూపూ వాళ్లమ్మ హ్యాండ్‌బ్యాగులో ఉన్న ట్యాబ్ మీదకే పోయింది.

సాయంత్రం హేమకూటం ఎక్కాం. విరూపాక్షుడి గుడిని ఆనుకుని ఉన్న వాలు కొండ ఇది. పెద్దవాళ్లు, చిన్నవాళ్లు నెమ్మదిగా ఎక్కేయొచ్చు. కొండ మీదున్న చిన్న చిన్న గుళ్లలో కొన్ని విజయనగరం కంటే పాతవి. అమ్మ ఆయాసపడుతూ ఒక మండపం అరుగు మీద కూర్చుంది. పాప పక్కనే కూర్చుని బండ మీద వేలితో ఏదో దిద్దుతూ, "అవ్వా, హూ డ్రూ దిస్?" అంది.

అమ్మ వంగి చూసింది. కొంగుతో దుమ్ము తుడిచింది. "ఇది పులిమేక గదమ్మా!" అంది. ఆ గొంతులో అంత హుషారు విని నాకు చాలా రోజులైంది.

అమ్మకు ఈ ఆట వచ్చని నాకు ఈ ఇరవై ఎనిమిదేళ్లలో తెలియదు. వాళ్ల ఊళ్లో రచ్చకట్ట బండ మీద పులిమేక గీతలు ఉండేవట. పగలంతా మగవాళ్లు ఆడేవాళ్లట. ఆడపిల్లలకు ఇంట్లో వామన గుంటలు, బారాకట్ట. సాయంత్రం మగవాళ్లు లేచి పోయాక, అమ్మను వాళ్ల నాయన కూర్చోబెట్టి నేర్పించాడట. "మా నాయన పులి ఇడిస్తే ఊరంతా భయపడేది" అని పిల్లలకు చెప్పింది. వాళ్లకు ఎంత అర్థమైందో గానీ పులి అనగానే ఇద్దరూ దగ్గరికి జరిగారు.

పులులకు మూడు రాళ్లు ఏరాం. మేకలకు అక్క సంచిలోంచి వేరుశనగ పప్పులు తీసి పదిహేను లెక్కపెట్టింది. పది మేకలు పటం మీదకు వచ్చాయో లేదో, స్తంభం పైనుంచి ఒక కోతి దిగింది. మేమంతా వెనక్కి జరిగేలోపు రెండు చేతులతో మేకలన్నీ ఊడ్చి నోట్లో వేసుకుని పైకి పోయింది. పాప కెవ్వుమని అరిచి, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. "పులి తినల్ల గానీ కోతి తినే ఆట మాకు తెల్దప్పా" అని అమ్మ అంటే అందరం నవ్వాం. ఆ తర్వాత మేకలకు కూడా గులకరాళ్లే.

ఆట ఎలా ఆడాలంటే

ఒక కొన నుంచి నాలుగు ఏటవాలు గీతలు కిందికి గీయండి. వాటిని దాటుతూ మూడు అడ్డగీతలు గీసి, రెండు పక్కలా కాస్త బయటికి పొడిగించండి. బయటి కొసలను ఇటూ అటూ నిలువు గీతతో కలపండి. అడుగున నాలుగు గీతల చివర్లు కలుపుతూ ఒక గీత. మొత్తం 23 చోట్లు వస్తాయి. పులులు 3, మేకలు 15.

మా అమ్మ లెక్కలో ఒక పులి కొన మీద, తక్కిన రెండూ దాని కింది గీత మీద కూర్చుంటాయి. మేకల ఆటగాడు ఒక్కో మేకనూ దించుతుంటే, పులుల ఆటగాడు ఒక్కో ఎత్తు కదుపుతాడు. పదిహేను మేకలూ దిగేదాకా మేక కదలకూడదు. పక్కనున్న మేక వెనక చోటు ఖాళీగా ఉంటే పులి దాని మీంచి దూకి చంపుతుంది. వెనక ఇంకో మేక తోడుంటే పులి ఏమీ చేయలేదు. పులులు మూడూ కదల్లేకుండా కట్టేస్తే మేకలది గెలుపు. ఎన్ని మేకలు చస్తే పులిది గెలుపనేది ఊరికో లెక్క. మేం ఆరు అనుకున్నాం.

ఈ ఆటలో పాచికలు లేవు, గవ్వలు లేవు. అదృష్టానికి చోటు లేదు. రెండు పక్కలా బలగం సమానంగా ఉండదు. ఒక పక్క మూడే ఉన్నా దూకి చంపే బలం ఉంది. ఇంకో పక్క మందే బలం. పిల్లలకు ఈ తేడా చెప్పకుండానే తెలిసిపోతుంది. పాపకు మొదట పులే కావాలి. నాలుగు ఆటలయ్యాక తనే "మేకలు ఇవ్వు" అంది.

రెండో రాత్రి హోటల్ గదిలో కాగితం మీద ఆ 23 చోట్లకూ అంకెలు వేసి చూశాను. సాఫ్ట్‌వేరు బుద్ధి ఎక్కడికి పోతుంది! కొన మీదున్న పులిని కట్టాలంటే దాని చుట్టూ నాలుగు, దూకకుండా వాటి వెనక నాలుగు, మొత్తం ఎనిమిది మేకలు కావాలి. అదే అడుగు గీత మూలలో ఉన్న పులికైతే నాలుగు చాలు. అంటే పులిని మూలకు రప్పించాలి. ఈ సంగతి అమ్మకు చెబితే, "దానికి కాగితమెందుకు? ఒక మేకను ఎరేస్తే అదే వస్తాది మూలకు" అంది.

ఓడిపోవడం దగ్గర వచ్చిన గొడవ

అసలు పరీక్ష రెండో రోజు వచ్చింది. బాబు వరసగా మూడు ఆటలు ఓడిపోయాడు. నాలుగో ఆటలో అమ్మ పులి దూకి ఆరో మేకను ఎత్తగానే రాళ్లన్నీ చేత్తో తోసేసి, మండపం స్తంభం వెనక్కి పోయి నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు.

"ఒక్కసారి ఓడిపోతే ఏం పోతుందమ్మా? చిన్న పిల్లాడు కదా, గెలవనియ్యి" అని అక్క మెల్లగా అంది.

"నేను ఓడిపోతే వానికి తెలుస్తాది" అంది అమ్మ. "మా నాయన నన్ను ఒక్కతూరి గూడా ఊరికే గెలవనీలేదు. నేను గెలిచిన నాడు ఊరంతా చెప్పుకొచ్చినాడు."

అక్క ఊరుకోలేదు. పిల్లల మనసు గురించి తనూ చాలా చదివింది. ఇద్దరూ కాసేపు మాట్లాడుకోలేదు. నేను మధ్యలో దూరలేదు. నిజానికి ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఆరేళ్ల లోపు పిల్లలకు ఆటంటే అందరితో కలిసి కూర్చోవడమే. రోజంతా ఓడిపోతే మళ్లీ పటం ముందుకు రారు. ఎనిమిది, తొమ్మిదేళ్లు వచ్చిన పిల్లలు మాత్రం పెద్దవాళ్లు కావాలని ఓడిపోతే ఇట్టే పసిగడతారు. అలా దొరికిన గెలుపు వాళ్లకే రుచించదు.

అమ్మ ఏం చేసిందంటే, వాడి దగ్గరికి పోలేదు, బతిమాలలేదు. తోసేసిన రాళ్లను మళ్లీ పేర్చింది. ఆరో మేక చచ్చే ముందు ఎలా ఉన్నాయో అచ్చం అలాగే. తర్వాత పాపతో, గట్టిగా, వాడికి వినపడేలా చెప్పింది: "ఇదో, ఈ మేకను ఈడ కాదు, ఆడ పెట్టింటే నా పులి ఏమైతాది సూడు." రెండు నిమిషాలకు బాబు స్తంభం పక్క నుంచి తొంగి చూశాడు. ఇంకో నిమిషానికి వచ్చి కూర్చున్నాడు. "అవ్వా, ఇక్కడ పెడితే?" అన్నాడు. తెలుగులోనే అన్నాడు. అవ్వకు ఇంగ్లీషులో చెబితే ఎత్తు ఆలస్యమవుతుంది మరి.

మూడు రోజుల్లో వాడికి వచ్చిన తెలుగు మాటలు వింటుంటే భలేగా ఉండేది. కట్టెయ్, దూకు, తోడు పెట్టు, ఎర, సందు, దారి మూసెయ్. "ఆ సందు మూసెయ్ అవ్వా" అని పాప అమ్మ పక్షాన చేరి అరిచేది. భాష నేర్పించాలని ఎవరూ కూర్చోలేదు. ఆటకు కావాల్సిన మాటలు ఆటే అడిగి తీసుకుంది.

రాజుల హంపి, పొద్దుపోని వాళ్ల హంపి

పిల్లలకు చరిత్ర చెప్పాలంటే ఈ గీతల దగ్గర మొదలుపెట్టడం తేలిక. 1336లో మొదలై, 1565 యుద్ధం తర్వాత పాడుబడిన రాజధాని ఇది. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ ఈ నగరం రోమ్ అంత పెద్దదని రాశాడు. ఉదయగిరి గెలిచి తెచ్చిన బాలకృష్ణుడి విగ్రహం కోసం శ్రీకృష్ణదేవరాయలు 1513లో ఇక్కడ కృష్ణాలయం కట్టించాడు. ఆముక్తమాల్యద రాసిన మన రాయలే అని అమ్మ పిల్లలకు చెప్పింది. యునెస్కో 1986లో హంపిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

గుడి కట్టించిన రాజు పేరు శాసనంలో ఉంటుంది. పులిమేక గీసినవాడి పేరు ఎక్కడా ఉండదు. కాపలావాడో, అంగడివాడో, స్వామి దర్శనానికి కాచుక్కూర్చున్న యాత్రికుడో, పశువుల కాపరో అయ్యుంటాడు. "వాళ్లకు ఫోన్ లేదు కదా, బోర్ కొట్టి గీశారు" అని బాబు తేల్చేశాడు. అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

అష్టాచెమ్మా గళ్లు చూసి వాడు "ఇది లూడో కాపీ" అన్నాడు. అది తలకిందులు. మన పచ్చీసును మార్చి ఇంగ్లండులో 1896లో లూడో పేరుతో పేటెంటు తీసుకున్నారు. అక్బరు ఫతేపూర్ సిక్రీ కోటలో పచ్చీసు పటం ఏకంగా వాకిలంత ఉంటుంది. పాములు నిచ్చెనల ఆట కూడా ఇక్కడి నుంచి వెళ్లిందే, మన వైకుంఠపాళీ దాని చుట్టమే. దాడి ఆట సంగతి ఇంకా చిత్రం. ఇవే మూడు చదరాలు, ఇవే 24 చోట్లు, చెరో తొమ్మిది కాయలు. ఇంగ్లండులో కాంటర్‌బరీ వంటి పాత చర్చిల రాతి అరుగుల మీద కూడా చెక్కి ఉన్నాయి. అక్కడా ఎవరో పొద్దుపోక కూర్చున్నారన్నమాట.

మూడో రోజు విఠలాలయంలో రాతి రథం ముందు పాప యాభై రూపాయల నోటు పట్టుకుని బొమ్మను సరిపోల్చింది. కొత్త యాభై నోటు వెనక ఉన్నది ఈ రథమే. అక్కడి నుంచి తిరిగొచ్చాక నీడలో చివరి ఆట. బాబు మేకలు, అమ్మ పులులు. ఒక మేకను ఎర వేసి వాడు ఒక పులిని మూలకు రప్పించాడు. రెండోది బయటి గీత మీద ఇరుక్కుంది. మూడోది కాసేపు తిరిగి తిరిగి ఆగిపోయింది. చచ్చిన మేకలు రెండే. అమ్మ పటాన్ని చాలాసేపు చూసింది. "కట్టేసినావు గదరా నాయనా!" అంది. తర్వాత ఆ సాయంత్రం ఇడ్లీ అమ్మే ఆవిడకు, ఆటో అబ్బాయికి, హోటల్ గుమాస్తాకు, వచ్చీరాని కన్నడంలో ఆ ఆట గురించి చెప్పుకొచ్చింది. అక్క నా వైపు చూసి నవ్వింది, ఏమీ అనలేదు.

పిల్లలతో వెళ్లాలనుకుంటే

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఎండాకాలంలో ఆ బండలు సెగలు కక్కుతాయి. హోస్పేట రైల్వే స్టేషన్ నుంచి హంపి 13 కిలోమీటర్లు. గుంతకల్లు, బళ్లారి మీదుగా రైళ్లున్నాయి. రోజుకు రెండు మూడు చోట్లకు మించి పెట్టుకోకండి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, మధ్యలో నీడ పట్టున ఆట. పురావస్తు శాఖ టికెట్ పదిహేనేళ్ల లోపు పిల్లలకు అక్కర్లేదు. విఠలాలయానికి బ్యాటరీ బండ్లు నడుస్తాయి, పెద్దవాళ్లకు సుఖం. కమలాపురం మ్యూజియంలో హంపి మొత్తానికీ ఒక నమూనా ఉంది, ముందు అది చూపిస్తే పిల్లలకు తిరిగే దారులు అర్థమవుతాయి. హేమకూటం దగ్గర ఒకే రాతిలో చెక్కిన ఇద్దరు వినాయకుల పేర్లు కడలెకాళు, ససివెకాళు. శనగ వినాయకుడు, ఆవగింజ వినాయకుడు అని చెప్పండి, మరిచిపోరు.

బండల మీద కొత్తగా గీతలు గీయకండి, చాక్‌పీసుతో కూడా వద్దు. ఉన్న పటం మీద రాళ్లు పెట్టి ఆడి, లేచేటప్పుడు తీసేయండి. తినే వస్తువులతో ఆడొద్దని వేరే చెప్పక్కర్లేదు, కోతులే చెబుతాయి. ఒక పాత గుడ్డ మీద మార్కర్‌తో పులిమేక గీసి, పదిహేను చింతగింజలు, మూడు గులకరాళ్లు మూట కట్టుకుంటే రైల్లో, బస్సులో, హోటల్లో ఎక్కడైనా ఆడొచ్చు. ఆరేళ్ల లోపు వాళ్లకు గవ్వలతో ఆడే అష్టాచెమ్మా మేలు. అదృష్టం ఉంటుంది కాబట్టి వాళ్లూ గెలుస్తారు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగు గళ్లు. అన్నీ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. లెక్క దానంతటదే వస్తుంది.

అమ్మ బెంగళూరుకు ఇంకా రాలేదు. సంక్రాంతి తర్వాత చూద్దాం అంది, సంక్రాంతి అయ్యాక ఉగాది అంది. గుంతకల్లు ఇంట్లో చుట్టూ తెలిసినవాళ్లు, తన చెట్లు, తన దినచర్య ఉన్నాయి. దాని మీద అక్కకూ అమ్మకూ వాదన ఇంకా నడుస్తూనే ఉంది. మారింది ఆదివారం ఫోను. నేను అంకెలు వేసిన పటం ఇద్దరి దగ్గరా చెరొకటి ఉంది. కొన మీద 1, కింది వరసలు 2 నుంచి 7, 8 నుంచి 13, 14 నుంచి 19, అడుగున 20 నుంచి 23. పోయిన వారం అక్క ఇంటికి వెళ్లేసరికి కాల్ మొదలై నలభై నిమిషాలైంది. "అవ్వా, పదిలో మేక పెట్టినా" అంటున్నాడు బాబు. అవతల నుంచి అమ్మ గొంతు: "పదహారు ఖాళీగుంది గదరా, సూసుకున్నావా? నాలుగులో పులి దూకుతాండాది." పాప కాగితం మీదికి వంగి, పెన్సిలుతో పదహారు మీద వేలెట్టి, "దారి మూసెయ్ అన్నయ్యా, మూసెయ్" అంటోంది.